బోరుకు మీటరు లేని ఊర్ల నీళ్ల పొదుపు ముచ్చట

మొన్న మా కాలనీల ఆటోకు మైకు కట్టుకొని తిరిగిన్రు. నీళ్లు వృథా చేయొద్దు, పైపు పెట్టి వాకిళ్లు కడగొద్దు, నల్లాకు మోటరు పెట్టి గుంజితే కనెక్షన్ కట్ చేస్తం అని. మా వాట్సాప్ గ్రూపుల ఎవరో ఆ ఆటో వీడియో పెడితే ఒకాయన దండం బొమ్మ పెట్టిండు, ఇంకొకాయన మంచి నిర్ణయం అన్నడు. నాకైతే కడుపుల మండింది. ఎందుకంటే ఆటో తిరిగిన రోజుకు మా గల్లీల నల్లా వచ్చి నాలుగు రోజులైంది, అదే రోజు గల్లీ మూలకున్న ఫంక్షన్ హాల్‌కు పొద్దున్నుంచి మాపటిదాకా ఎనిమిది ట్యాంకర్లు వచ్చి పోయినయి, నేను ఇంటికాడ్నే ఉన్న కాబట్టి లెక్కపెట్టిన. మైకు ఆటో ఆ హాల్ ముంగటికెళ్లే పోయింది. ట్యాంకర్ అడ్డమున్నదని రెండు నిమిషాలు ఆగింది కూడా, మైకుల మాత్రం బంద్ కాలే, "ప్రతి చుక్కా విలువైనదే" అని ట్యాంకర్‌కే చెప్పినట్టు మోగింది.

మాది నల్గొండ. నీళ్ల కరువు గురించి మాకు ఎవరూ క్లాసు పీకే అవసరం లేదు, అయినా ప్రతి ఎండాకాలం పీకుతరు. పీకేది కూడా ఎవరికి, బిందె పట్టుకొని నిలబడ్డోళ్లకు.

గాలి మాట అనొద్దు కదా అని ఒకరోజు కూసొని కొలిచిన. పెయింట్ డబ్బా ఉంటది చూడు, 20 లీటర్లది, అది మా నల్లా కింద పెడితే నిండేందుకు రెండు నిమిషాలు పట్టింది, మొదట్ల ఇంకా సన్నగ వస్తది కానీ సగటున రెండు అనుకుందాం. నల్లా ఇడిసేది 40 నిమిషాలు. అంటే 20 డబ్బాలు, 400 లీటర్లు. అన్నీ మంచిగుంటే రోజు విడిచి రోజు వస్తది. మేం ఐదుగురం. మనిషికి రోజుకు 40 లీటర్లు పడ్డది.

ఇగ కాయితం మీద లెక్క చూడు. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌ల పెట్టిందే మన చౌటుప్పల్‌ల, ఆ పథకం లెక్క ప్రకారం మనిషికి రోజుకు ఊర్లల్ల 100 లీటర్లు, మున్సిపాలిటీలల్ల 135, కార్పొరేషన్లల్ల 150. మున్సిపాలిటీ లెక్కన చూసినా మా ఇంటికి రెండు రోజులకు 1350 లీటర్లు రావాలె, వచ్చింది 400. నేను పథకాన్ని తిడ్తలేను, దాని మంచి ఏందో కిందికి చెప్తా. కానీ ఇది చూడున్రి, 2018ల దక్షిణాఫ్రికాల కేప్ టౌన్ అనే అంత పెద్ద నగరం నీళ్లు ఒడిసిపోతున్నయని, నల్లాలన్నీ బంద్ అయ్యే "డే జీరో" వస్తున్నదని ప్రపంచమంత మొత్తుకున్నది కదా, అప్పుడు ఆడ పెట్టిన పరిమితి మనిషికి 50 లీటర్లు. ఆ 50 మీద టీవీలల్ల చర్చలు నడిచినయి, రెండు నిమిషాలల్ల స్నానం ఎట్ల చేయాల్నో నేర్పిచ్చిన్రు. మా నల్లా 40 మీదున్నది, ఒక్క నోటీసు లేదు, ఒక్క పేపర్ల రాలే.

అందుకే అంటున్న, మన దగ్గర ఇండ్లకు నీళ్ల ఆంక్షలు కొత్తగ పెట్టేది ఏం లేదు, ఎప్పుడో పెట్టిన్రు. వాల్వ్ తిప్పే తమ్ముని చేతుల ఉన్నయి ఆ ఆంక్షలు. ఆంక్ష లేనిది ఎవరికంటే బోరు ఉన్నోనికి, ట్యాంకర్ కొనగలిగినోనికి. నా గొడవంతా అదే.

మా అమ్మ సంగతి చెప్తా. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. ఆ దిక్కు ఫ్లోరైడ్ గురించి తెల్వనోళ్లు ఉండరు, బాయి నీళ్లు తాగీ తాగీ నడుములు వంగినోళ్లు, మోకాళ్లు అంటుకపోయినోళ్లు, పండ్ల మీద పసుపు మరకలు పడ్డ పిల్లలు. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటే దాటొద్దని దేశం పెట్టుకున్న కొలత, ఆ పల్లెల బోర్లల్ల అది ఎన్నడో దాటిపోయింది. పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌ల ఉన్న నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ వాళ్లు "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టిన్రు. ఊరికి పేరు రావాలంటే బిర్యానీతోనో కోవాతోనో వస్తది, మాకు రోగం మందుతోని వచ్చింది. అమ్మ చిన్నప్పుడు తాగే నీళ్ల బాయి వేరే, వాడుకునే నీళ్ల బాయి వేరే, తాగే నీళ్లకు మైలు మీద నడిచేదట. ఆ అలవాటు ఇప్పటికీ పోలే.

పొద్దున బియ్యం కడిగిన నీళ్లు ఒక గిన్నెల పడ్తయి, అవి కరివేపాకు చెట్టుకు. గిన్నెలు తోమేటప్పుడు మొదటి కడుగు నీళ్లు వేరే, రెండో కడుగు నీళ్లు వేరే, రెండోవి ఇంకో టబ్‌ల, వాటితోని బండలు తుడుస్తది. బట్టలు జాడిచ్చిన నీళ్లు లెట్రిన్ బకెట్‌ల పోస్తది. వాకిట్ల సాన్పి చల్లేందుకు ఒక్కటే చెంబు, అది కూడా చేతితోని చిలకరించినట్టు. నా బిడ్డ పండ్లు తోముకుంట సింక్ నల్లా ఇడిసిపెడితే ఆమె మాట్లాడదు, వచ్చి నల్లా బంద్ చేసి పోతది, గంతే. ఆమెకు మైకు ఆటో వచ్చి పొదుపు నేర్పిస్తున్నదన్నట్టు! ఆటో పోయినంక అడిగింది, "ఏమంటున్నడు బిడ్డా గాడు?" "నీళ్లు పొదుపుగ వాడుమంటున్నడమ్మా." "ముందుగాల ఇడువుమను."

ఇగ రెండో దిక్కు. మా బామ్మర్ది పాలమూరుల బండ్ల వాటర్ సర్వీసింగ్ నడిపిస్తడు. ఎండాకాలం రాంగనే అందరి నోట్ల మొదట పడేది వీళ్లే, "తాగేందుకు నీళ్లు లేవంటే బండ్లు కడుగుతున్నరు" అని. నేను కూడా అన్న, ఒకసారి మొకం మీదనే అన్న. వాడు గరం అయిండు. "బావా, నా దగ్గర ముగ్గురు పోరగాండ్లు పని చేస్తున్నరు, బంద్ పెట్టుమంటే పెడ్తా, వాళ్ల ఇంట్లకు నువ్వు బియ్యం పంపు" అన్నడు. సరే అని ఒక ఆదివారం పోయి వాని దగ్గర కూడా లెక్క చూసిన. వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు నిండ నింపితే 12 బైకులు అయినయి, అంటే బైకుకు 80 లీటర్ల సుమారు. ఆదివారం 25 బైకులు కడుగుతడు, రెండు వేల లీటర్లు. మా ఇంట్ల ఐదుగురికి పది రోజులకు వచ్చే నల్లా నీళ్లు వాడు ఒక్క ఆదివారం బండ్ల మీద కొడుతున్నడు.

కానీ అసలు ముచ్చట దాని తర్వాత జరిగింది. వాడు సెంటర్ ఎనుక రెండు గుంతలు తవ్విచ్చిండు. కడిగిన నీళ్లు మొదటి గుంతల పడ్తయి, బురద కిందికి దిగుతది, ఆయిల్ మీద తేలుతది, నడుమనున్న నీళ్లు పైపు నుంచి రెండో దాంట్లకు పోతయి, ఆడ ఇసుక, కంకర. ఆ నీళ్లతోని మొదటి కడుగు కొట్టి చివరికి మాత్రం మంచి నీళ్లు కొడ్తడు. మొదట్ల వాసన వచ్చింది, ఒకాయన కొత్త బుల్లెట్‌కు మరకలు పడ్డయని పెద్ద లొల్లి చేసిండు, ఇసుక రెండుసార్లు మార్చిన్రు. ఇప్పుడు ట్యాంకు నీళ్లు ముందటికంటే సగం దాకా మిగులుతున్నయని వాడు అంటడు, నేను మళ్లా కొలవలే కాబట్టి వాని మాటే రాస్తున్న. ఇది ఎవరైనా చెప్తే చేసిండా? లేదు, ట్యాంకర్ రేటు పెరిగింది కాబట్టి చేసిండు. సర్వీసింగ్ సెంటర్లు బంద్ అని ఒక్క మాటల ఆర్డర్ ఇస్తే వీడు షట్టర్ దించుకుంటడు, గుంత తవ్వడు. మంచి నీళ్లు వాడొద్దు, తిరిగి వాడిన నీళ్లైతే నడుపుకో అంటే తవ్వుతడు. 2024 మార్చిల బెంగళూరుల ఇంచుమించు గట్లనే చేసిన్రు, తాగే నీళ్లతోని కార్లు కడిగినా, తోటలకు పోసినా, ఇండ్ల కట్టుబడికి వాడినా ఐదు వేల జరిమానా, హోటళ్లు అపార్ట్‌మెంట్లల్ల నల్లా మూతికి నీళ్ల ధార తగ్గించే జాలీలు తప్పకుండ పెట్టాలన్నరు. అందులో ఎంత అమలైందో ఏమో గానీ తాగే నీళ్లు వేరే, వాడే నీళ్లు వేరే అన్న గీత గీసిన్రు కదా. మా అమ్మ మర్రిగూడల చిన్నప్పుడు గీసుకున్న గీతే అది.

నా భార్యది పాలమూరే. వాళ్ల చిన్నప్పుడు పది పదిహేను రోజులకు ఒకసారి నల్లా వచ్చేదట, వచ్చిన రోజు బడి బంద్, ఇంట్ల ఉన్న గిన్నె గిలాస సుతం నింపి పెట్టేటోళ్లట. తర్వాత రామన్‌పాడు రిజర్వాయర్ నీళ్లు వచ్చి ఆ బాధ చానా తగ్గింది. అందుకే అంటున్న, పైపులు, పథకాలు వచ్చినంక మంచి కాలేదని కాదు. మా అమ్మ ఊరి పిల్లల పండ్లు ఇప్పుడు తెల్లగున్నయి, దానికంటే పెద్ద లెక్క నాకు అక్కర లేదు.

ఇప్పుడు దాచిపెట్టిన ముచ్చట ఒకటి చెప్పాలె. మా ఇంట్ల బోరున్నది.

2019 ఎండాకాలం. మా పాత బోరు 220 ఫీట్లది, మంచిగ పోసేది. ఒక ట్యాంకర్ ఆయన వచ్చి ఐదు వేల లీటర్లు నింపనిస్తే వంద రూపాయలు ఇస్తా అన్నడు. నాయిన సరే అన్నడు, నేను వద్దనలే. రోజుకు ఆరు ట్రిప్పులు. 23 రోజులు నడిచింది. పైసలు 13,800 వచ్చినయి, నేను దాంట్ల నుంచి ఫోన్ కొనుక్కున్న. ఆ నీళ్లు యాడికి పోతున్నయని అడగలే, ఏదో కొత్త బిల్డింగ్ స్లాబ్ క్యూరింగ్‌కు అని తర్వాత తెలిసింది. రెండిండ్ల అవతల ఒక అవ్వ ఉంటది, ఒక్కతే, ఆమె ఇంటి ముందటి బోరింగు పదిహేనో రోజుకే గాలి కొట్టుడు షురూ చేసింది. ఆమె ఏమనలే. రెండు బిందెలు పట్టుకొని మా ఇంటికి వచ్చింది, ట్యాంకర్ నిండుతుంటే పక్కన నిలబడ్డది, "అది నిండినంక పడ్తా తియ్ బిడ్డా" అన్నది. 23వ రోజు మా బోరు కూడా ఎండింది. కొత్త బోరు 480 ఫీట్లు, కేసింగు, మోటరు, వైరు అన్నీ కలిపి లక్షా ఇరవై వేలు అయింది. 13,800 సంపాయించి లక్షా ఇరవై పెట్టినం, అవ్వ బోరింగు అయితే ఇప్పటికీ పోస్తలేదు.

మాది రాతి నేల. పైన మెత్తబడ్డ రాయి కొంత మందం ఉంటది, నీళ్లు ఎక్కువ నిలిచేది దాంట్లనే. దాని కింద గట్టి గ్రానైటు, దాంట్ల పగుళ్లు. బోరు అంటే ఆ పగులుకు పెట్టిన గొట్టం. నా బోరు పగులు, అవ్వ బోరింగు పగులు ఒకదాంట్ల ఒకటి కలిసి ఉండొచ్చు, నేను గుంజితే ఆమెకు తగ్గుతది, రిజిస్ట్రేషన్ కాయితంల హద్దు రాళ్లు ఉంటయి కానీ భూమి లోపల యాడున్నయి. ఈ సంగతి తెల్వక కాదు, 2002లనే వాల్టా చట్టం, అంటే నీళ్లు, భూమి, చెట్ల చట్టం తెచ్చిన్రు. బావులు, బోర్లు రిజిస్టర్ చేయాలె, ఊరి తాగునీళ్ల బోరుకు 250 మీటర్ల లోపల పర్మిషన్ లేకుండ ఇంకోటి వేయొద్దు, అన్నీ రాసే ఉన్నయి. మా ఇంటి బోర్లు రెండు. ఒక్కదానికి కూడా ఎవ్వరు వచ్చి కాయితం అడగలే. రిగ్గు బండి రాత్రి పదింటికి వచ్చి తెల్లారెసరికి పోయింది, చప్పుడుకు గల్లీ అంత మేలుకున్నది.

ట్యాంకర్ నీళ్లు యాడ్నో ఆకాశంల నుంచి వస్తయన్నట్టు మాట్లాడ్తరు జనం. ఫంక్షన్ హాల్ ఓనర్‌ను అడిగితే "మేం మున్సిపాలిటీ నీళ్లు ఒక్క చుక్క వాడమండి, అన్నీ కొంటం" అంటడు, నిజమే అంటడు. కానీ కొన్న నీళ్లు ఊరి బయట ఏదో బోరుల నుంచే వచ్చినయి కదా, ఆ బోరు పక్క రైతు బత్తాయి తోట ఎండిపోతుంటే ఆయన మళ్లా ట్యాంకర్ కొని చెట్లకు పోస్తడు. నల్గొండ దిక్కు కరువొచ్చిన ప్రతిసారి కనబడే సీనే ఇది, చెట్టు చచ్చిపోతే ఏండ్ల కష్టం పోతదని అప్పు చేసి మరీ పోస్తరు. ఒకే నేల నీళ్లు ట్యాంకర్ ఎక్కి తిరుగుతున్నయి, తిరిగినప్పుడల్లా రేటు పెరుగుతున్నది, గంతే తేడా. పోయిన నెల చుట్టాల పెండ్లికి పోతే బంతి లేచినంక టేబుళ్ల మీద చిన్న చిన్న నీళ్ల సీసాలు, 200 మిల్లీలీటర్లవి, సగం తాగినవి, రెండు గుక్కలు తాగినవి, మూత తీసి పెట్టినవి. క్యాటరింగ్ పిల్లగాడు అన్నీ ఒక బకెట్‌ల వంపి మోరీల పోసిండు. ఆ నీళ్లు శుద్ధి చేసేందుకు ప్లాంటుల ఎన్ని నీళ్లు ఇడిసిపెట్టి ఉంటరో, అది వేరే.

ప్లాంట్ల సంగతి జర జాగ్రత్తగ మాట్లాడాలె. ఫ్లోరైడ్ ఊర్లల్ల ఆర్వో ప్లాంటు మనుషుల ఎముకలు కాపాడింది, అది నవ్వులాట కాదు. కానీ ఆర్వోల మంచి నీళ్లు ఒక దిక్కు, ఉప్పూ ఫ్లోరైడూ చిక్కబడ్డ నీళ్లు ఇంకో దిక్కు వస్తయి, చిన్న ప్లాంట్లల్ల ఆ రెండోదే ఎక్కువ. సీదా మోరీలకు పోతది. దాన్ని పశువులకు పెట్టొద్దు, ఇంకుడు గుంతల ఇడవద్దు, మళ్లా అదే ఫ్లోరైడ్ భూమిలకు పోతది. లెట్రిన్లకు వాడొచ్చు కదా. క్యాను పది రూపాయలకు ఇస్తరా, ఇరవైకా అని బేరం చేస్తం, ఒక క్యానుకు ఎన్ని క్యాన్లు మోరీల పోసినవ్ అని నేను ఇంతవరకు అడగలే.

కేప్ టౌన్ సంగతి మళ్లా ఎత్తుతున్న. అందరికీ 50 లీటర్ల ముచ్చటే యాదికున్నది, వ్యాపారాలకు ఏం చెప్పిన్రో ఎవరూ చెప్పరు. 2015ల ఇదే నెలల మీరు ఎంత వాడిన్రో దాంట్ల 45 శాతం తగ్గించున్రి అన్నరు. ఈ వాక్యం మళ్లా ఒకసారి చదువున్రి. 45 శాతం తగ్గించాలంటే మూడేండ్ల కిందటి అదే నెల లెక్క చేతుల ఉండాలె. మా గల్లీ ఫంక్షన్ హాల్‌కు, హోటల్‌కు, హాస్పిటల్‌కు, మా బామ్మర్ది సెంటర్‌కు పోయిన నెల లెక్క కూడా లేదు. లెక్క లేనిదాంట్ల శాతం ఎట్ల తీస్తవ్? అందుకే ఆఖరికి మైకు కట్టుకొని ఇండ్ల ముందు తిరుగుతరు, ఎందుకంటే ఇంటి నల్లా ఒక్కటే వాళ్ల చేతుల ఉన్న వాల్వ్.

ఇక్కడ ఒకరు తప్పకుండ అంటరు, అన్నా ఊర్ల నీళ్లన్నీ వరికి పోతుంటే నువ్వు బైకులు, సీసాలు లెక్కపెడ్తున్నవేంది అని. నిజమే. యాసంగిల బోర్ల కింద వరి, 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఫ్రీ కరెంటు, కిలో బియ్యం పండేందుకు వేలల్ల లీటర్లు. టౌన్ల వాడకం దాని ముందు చిన్నదే. కానీ రైతు మీటరు ముచ్చట వేరే లడాయి, దాంట్ల మద్దతు ధర ఉన్నది, అప్పు ఉన్నది, వరి తప్ప వేరేది కొనే దిక్కు లేకపోవుడు ఉన్నది. ఆ లడాయి తెగేదాక ఏసీ ఫంక్షన్ హాల్ బోరుకు మీటరు పెట్టొద్దంటే, రైతును అడ్డం పెట్టుకొని టౌనోడు తప్పించుకున్నట్టే కదా.

ఇంకొకటి, కరువు చెప్పకుండ ఒక్కసారే వచ్చి మీద పడదు. నాగార్జునసాగర్ నీళ్ల మట్టం రోజూ పేపర్ల వస్తది, నిండితే 590 అడుగులు, 510 దగ్గరికి వస్తే కష్టకాలం. 2024 ఎండాకాలం ఆ దగ్గరికే వచ్చింది, హైదరాబాదుకు నీళ్లు ఆగొద్దని సాగర్ నీళ్లు ఎత్తిపోసే పుట్టంగండి దగ్గర ఎమర్జెన్సీ మోటర్లు పెట్టిన్రు. పుట్టంగండి నుంచి అక్కంపల్లి రిజర్వాయర్‌కు, ఆడ్నుంచి హైదరాబాదుకు మూడు దశల్ల రోజుకు 270 మిలియన్ గ్యాలన్ల ఏర్పాటు. మా పానగల్ ఉదయ సముద్రానికి కూడా ఆ దారిలనే వస్తయి, కందూరు చోళుల కాలం చెరువది, ఇప్పుడు మా నల్లాకు దిక్కు. హైదరాబాదోళ్లకు నీళ్లు పోవద్దని నేను అంటలేను, నా దోస్తులు సగం మంది ఆడనే ఉన్నరు. ఆ సిటీకి మట్టం ఇంత తగ్గితే ఈ మోటరు పెట్టాలె అని ముందే ఒక లెక్క రాసి పెట్టుకున్నరు కదా, గసుంటిదే మాకూ రాయున్రి అంటున్న. సాగర్ ఇన్ని అడుగులకు వస్తే, ఊరి భూగర్భజలం ఇన్ని మీటర్లు దిగితే, ముందు స్విమ్మింగ్ పూల్ బంద్, తర్వాత కట్టుబడికి మంచి నీళ్లు బంద్, తర్వాత హాల్స్‌కు ట్యాంకర్లు ఇన్నే అని. ఇవన్నీ తగ్గినంక, అప్పటికీ చాలకపోతే ఇండ్ల 40 నిమిషాలను 30 చేయున్రి, మేం పడ్తం. జనవరిల రాసి పెడితే పెండ్లి పెట్టుకునేటోడు కూడా ముహూర్తం, హాలు చూసుకుంటడు. రోహిణి కార్తెల ఆటో తిప్పితే ఎవనికి ఫాయిదా? ట్యాంకర్ నింపే ప్రతి బోరుకు ఒక మీటరు, ట్రిప్పు ఎటు పోయిందో రాసే పుస్తకం, ఇది రాకెట్ సైన్సేం కాదు, ఇసుక ట్రాక్టర్‌కు వే బిల్లు అడుగుతున్నరు కదా.

ఇవన్నీ గ్రూపుల రాస్తే ఒకాయన "ముందు మీ బోరుకు పెట్టు మీటరు" అన్నడు. ఎకసెక్కానికే అన్నడు గానీ మాట బరాబర్ ఉన్నది. పోయిన ఫిబ్రవరిల ప్లంబర్‌ను పిలిచిన. "మీటరా? ఎందుకన్నా, బిల్లు వస్తదా?" అన్నడు. బిల్లు రాదు పెట్టు అంటే నన్ను ఒక తీరు చూసి పెట్టిండు. అమ్మ దాని ముందు కూసొని సూది తిరుగుతుంటే చూసింది, ఇంట్ల ఎవరు నల్లా తిప్పినా ఈడ్నుంచే కేక వేస్తది ఇప్పుడు.

మొదటి నెల రీడింగ్ 21,000 లీటర్లు. ఐదుగురం, 30 రోజులు, మనిషికి రోజుకు 140. అది బోరు ఒక్కటే, నల్లా 40 దాంట్ల లేదు. అమ్మ అన్ని టబ్బులు మార్చి పోసినా కూడా 140, ఎందుకంటే మీది అంతస్తుల నా బాత్రూంల షవర్ ఉన్నది, వాషింగ్ మెషీన్ ఉన్నది, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి రెండుసార్లు పొర్లింది. కేప్ టౌన్ కంటే తక్కువ తాగుతున్నం అని మీద అంత గట్టిగ రాసిన కదా, ఆ 40 మీద నిజంగ బతికేది నేను కాదు, రెండిండ్ల అవతలి అవ్వ. అది కూడా గల్లీల అందరం మోటర్లు పెట్టి గుంజినంక ఆమె నల్లాకు ఎంతొస్తే అంత.

షవర్ తీసేసిన. ట్యాంకుకు ఫ్లోట్ వాల్వ్ పెట్టిచ్చిన, 300 అయింది. రెండో నెల 16,500కు దిగింది. ఏప్రిల్‌ల చుట్టాలు వచ్చిన్రు, మళ్లా 19 వేలు దాటింది. మే రీడింగ్ ఇంకా తియ్యలే.